చలికాలంలో కుటుంబంతో దూరప్రయాణం: దారిలో ఇరుక్కుంటే ముక్కూమొహం తెలియనివారి సాయాన్ని నమ్ముకోవచ్చా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. డిసెంబరు చివరి వారంలో డల్లాస్ నుంచి మినియాపోలిస్‌లో ఉన్న మీ చెల్లెలి ఇంటికి కారులో వెళ్ళాలనుకుంటున్నారు. వెంట మొదటిసారి అమెరికా వచ్చిన మీ అమ్మానాన్నలు, ఏడేళ్ళ బాబు, రెండేళ్ళ పాప ఉంటారు. దారిలో మంచులో బండి ఇరుక్కుంటే తెలియనివాళ్ళు ఎవరైనా ఆగి సాయం చేస్తారా, చేస్తే వాళ్ళను నమ్మి వెంట వెళ్ళవచ్చా, డబ్బు ఇవ్వాలా అన్నవి మీ మూడు సందేహాలు.

నేరుగా జవాబు చెబుతాను. సాయం చేస్తారు. ఒకటి రెండు జాగ్రత్తలతో నమ్మవచ్చు. డబ్బు ఒక్కసారి ఇవ్వజూపండి, వద్దంటే రెండోసారి పర్సు తీయకండి. అయితే ఆ సాయం మీ దాకా రావడానికి మీవైపు నుంచి జరగవలసిన పని కొంత ఉంది. మనవాళ్ళు పొరబడేది ఎక్కువగా అక్కడే కాబట్టి ఈ జవాబు కొంచెం పొడుగవుతుంది.

నేను మిన్నెసోటాలోని రాచెస్టర్‌లో పంతొమ్మిదేళ్ళుగా ఉంటున్నాను. చిన్న ఊళ్ళ ఆసుపత్రుల్లో స్కానింగ్ యంత్రాలను మరమ్మతు చేసే ఉద్యోగం కావడం వల్ల మిన్నెసోటా, అయోవా, దక్షిణ డకోటా రోడ్ల మీద చలికాలమంతా తిరుగుతూనే ఉంటాను. ఇన్నేళ్ళలో మూడుసార్లు నేను ఇతరుల సాయంతో బయటపడ్డాను. నేను ఆగి సాయం చేసిన సందర్భాలు అంతకంటే ఎక్కువే ఉన్నాయి, కాబట్టి రెండు వైపుల సంగతీ కొంత తెలుసు.

ముందు మీ దారి గురించి. డల్లాస్ నుంచి మినియాపోలిస్‌కు 35వ నంబరు అంతర్రాష్ట్ర రహదారి ఒక్కటే పోతుంది. ఓక్లహోమా సిటీ, విచిటా, కాన్సస్ సిటీ, డెమోయిన్ మీదుగా దాదాపు 950 మైళ్ళ ప్రయాణం. ఓక్లహోమా, కాన్సస్‌లలో మంచు కంటే గడ్డకట్టే వాన ప్రమాదకరం, అది పడుతున్నదని తెలిస్తే హోటల్ గది వదలకండి, అంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు. అసలు కష్టం డెమోయిన్ దాటిన తరువాత మొదలవుతుంది. అక్కడి నుంచి మిన్నెసోటాలోని ఆల్బర్ట్ లీ దాకా రోడ్డుకు రెండువైపులా బల్లపరుపు పొలాలు, గాలిమరలు తప్ప గాలిని ఆపే చెట్టూ చేమా పెద్దగా ఉండవు. ఆకాశం నిర్మలంగా ఉన్నప్పటికీ, కొత్తగా ఒక్క రేణువు మంచు పడకపోయినప్పటికీ, పొలాల్లో పేరుకున్న పొడిమంచును గాలి లేపి రోడ్డు మీదుగా అడ్డంగా తోస్తుంది. అప్పుడు ముందున్న బండి వెనక దీపాలు కనిపిస్తూ కనిపిస్తూనే మాయమవుతాయి. దీనిని ఇక్కడ గ్రౌండ్ బ్లిజార్డ్ అంటారు. టెక్సస్ నుంచి వచ్చేవారికి ఇది అలవాటు ఉండదు, ఎండ కాస్తున్నదన్న ధైర్యంతో వేగం తగ్గించరు.

నేను మొదటిసారి గుంటలో పడినది కూడా ఆ రోడ్డు మీదే. కొన్నేళ్ళ క్రితం సంక్రాంతి వారంలో డెమోయిన్‌లో మిత్రుల ఇంట రెండు రోజులుండి తిరిగి వస్తున్నాము. బండిలో నేను, నా భార్య, ఆరేళ్ళ అమ్మాయి, అంతకు నెల క్రితమే తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ ఉన్నాము. బయట మైనస్ 15 ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో మైనస్ 26 డిగ్రీలు. క్లియర్ లేక్ దాటిన కాసేపటికి, సాయంత్రం ఆరు గంటల ప్రాంతంలో, ముందు లారీ లేపిన మంచులో నాకు రోడ్డు కనబడలేదు. బ్రేక్ మీద కాలు పెట్టాను, పెట్టకూడదు. కారు నింపాదిగా, ఎవరో పక్కకు నెట్టినట్టుగా జారి, రోడ్డు అంచు దిగి, గుంటలోని మంచులో బానెట్ దాకా కూరుకుపోయింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. తలుపు మాత్రం నాలుగు వేళ్ళ మేర కంటే తెరుచుకోలేదు.

ఇక్కడి అత్యవసర సాయం నంబరు 911కు ఫోన్ చేస్తే అటునుంచి మాట్లాడిన ఆమె మొదట అడిగినది ఏ దిశలో వెళుతున్నారు, మైల్ మార్కర్ ఎంత అని. రోడ్డు పక్కన మైలుకొకటి చొప్పున చిన్న పచ్చ బోర్డు మీద ఉండే అంకె అది. అదృష్టవశాత్తు కొంచెం ముందే చూసి ఉన్నాను కాబట్టి చెప్పగలిగాను. గాలి ఉధృతంగా ఉన్నందున, ఆగిపోయిన బండ్లను లాగే టో ట్రక్కులను రోడ్డు మీదికి రానివ్వడం లేదని, పోలీసు బండి రావడానికి రెండు గంటలు పట్టవచ్చునని, కారు దిగవద్దని చెప్పింది. ఇది మీరు ముందే తెలుసుకోవాలి. మీ దగ్గర ఎంత మంచి రోడ్డు సాయం సభ్యత్వం ఉన్నా, రోడ్డు మూసినప్పుడు టో ట్రక్కు తెల్లవారేదాకా రాకపోవచ్చు. ఆ రాత్రి మీకు ఉన్నది మీ కారూ, చుట్టుపక్కల ఇళ్ళలోని మనుషులూ మాత్రమే.

ముప్పావుగంట గడిచిన తరువాత మా వెనక ఒక పికప్ ట్రక్కు వచ్చి ఆగింది. అరవై ఏళ్ళు దాటిన ఒక రైతు, ఆయన కొడుకు దిగారు. వాళ్ళ పొలం రోడ్డుకు ఆనుకునే ఉందట. గాలి సద్దుమణిగినప్పుడల్లా వంటింటి కిటికీలోంచి మా హజార్డ్ లైట్లు మిణుకుమిణుకుమనడం ఆయన భార్య చూసి చెప్పిందట. ఎగ్జిట్ దాకా వెళ్ళి చుట్టూ తిరిగి వచ్చారు. నేను అలవాటు చొప్పున, "మీకెందుకు శ్రమ, దగ్గరలో హోటల్ ఉంటే చెప్పండి చాలు" అన్నాను. ఆయన, "హోటల్ ఇరవై మైళ్ళు, మా ఇల్లు రెండు మైళ్ళు" అని ఊరుకున్నాడు. వెనక సీటులోంచి మా అమ్మ కూడా, "వద్దులేరా, ఈ అర్ధరాత్రి వేళ పరాయివాళ్ళ ఇంటికేమిటి" అనడం మొదలుపెట్టింది. అప్పటికి సమయం ఏడున్నర కూడా కాలేదు.

అమ్మ కాళ్ళకు ఊలు మేజోళ్ళు, వాటి మీద హవాయి చెప్పులు ఉన్నాయి. కారు తలుపు దాకా పారతో మంచు తవ్వుతున్న ఆ రైతు ఆ కాళ్ళ వైపు ఒకసారి చూశాడు. ఏమీ అనకుండా వెళ్ళి, తన ట్రక్కులో ఉన్న రబ్బరు బూట్లు తెచ్చి, మంచులో మోకాలి మీద కూర్చుని ఆమె కాళ్ళకు తొడిగాడు. అమ్మ పాదాలు అటువంటివి రెండేసి పట్టేటంత పెద్ద బూట్లు అవి. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఆయన కొడుకు భుజం పట్టుకుని, కాలు ఎత్తకుండా ఈడ్చుకుంటూ నడిచి ట్రక్కు ఎక్కింది. ఎక్కిన తరువాత ఇక "వద్దు" అన్న మాట ఆమె నోట వినలేదు.

ఇంటికి చేరగానే రైతు భార్య చేసిన మొదటి పని 911కు ఫోన్ చేసి, ఫలానా మైల్ మార్కర్ దగ్గర ఉన్న కారులోని నలుగురూ తమ ఇంట క్షేమంగా ఉన్నారని చెప్పడం. ఈ సంగతి నాకు తట్టనే లేదు. కారు వదిలి ఎవరి వెంటనైనా వెళితే ఆ మాట 911కు తప్పకుండా చెప్పాలి. లేకపోతే పోలీసులు ఖాళీ కారు చూసి, మీరు పొలంలో పడి నడుస్తున్నారనుకుని ఆ గాలిలో వెతకవలసి వస్తుంది. కారు అద్దం లోపల, మీరు ఎక్కడికి వెళ్ళారో రాసిన కాగితం ఒకటి ఉంచడం కూడా మంచి పద్ధతే.

ఇక అటువంటి మనిషి వచ్చేలోగా మీరు చేయవలసినదానికి వస్తాను. కారు దిగి సాయం కోసం నడవకండి. ఆ చలిలో, ఆ గాలిలో, కప్పుకోని చర్మం అరగంట లోపలే గడ్డకట్టడం మొదలవుతుంది. కళ్ళముందు దీపం కనబడుతున్నా అది ఎంత దూరమో బల్లపరుపు నేల మీద అంచనాకు అందదు. కారు ఒక గది. పైగా వెతికేవారికి మనిషి కంటే కారు తొందరగా కనబడుతుంది. యాంటెనాకో తలుపు పిడికో ఎర్రటి గుడ్డ ఒకటి కట్టండి.

సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసిన తరువాతనే ఇంజను వేయండి. దీనిని మామూలు జాగ్రత్తగా తీసుకోకండి. 2022 జనవరిలో పాకిస్తాన్‌లోని ముర్రీ కొండల మీద మంచు చూడటానికి వెళ్ళిన కుటుంబాల కార్లు వేలాదిగా రోడ్డు మీద చిక్కుకుపోయి, ఒక్క రాత్రిలో ఇరవై మందికి పైగా చనిపోయారు. అందులో కొందరు చలికి పోయారు, మరికొందరు మంచుతో మూసుకుపోయిన కారులో చేరిన ఇంజను పొగకు పోయారు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, పిల్లలు నిద్రపోతున్నారనే అనిపిస్తుంది. గంటకు పది నిమిషాల చొప్పున ఇంజను వేసి హీటర్ పెట్టుకోండి, ఆ పది నిమిషాలూ గాలి తగలని వైపు అద్దం ఒక వేలు మందం దించి ఉంచండి. అర ట్యాంకు కంటే తక్కువ పెట్రోలుతో డెమోయిన్ దాటకండి.

మళ్ళీ ఆ ఇంటికి వస్తాను, ఎందుకంటే మీ అమ్మానాన్నలతో వెళుతున్నారు కాబట్టి అక్కడ జరిగినది మీకు పనికివస్తుంది. ఆ రాత్రి వాళ్ళ వంట హాట్‌డిష్. కీమా, బంగాళాదుంపలు, జున్ను పొరలుగా వేసి ఓవెన్‌లో పెట్టే ఈ ప్రాంతపు రోజువారీ వంటకం. మా అమ్మ మాంసం ముట్టదు. నేను ఆ మాట చెప్పలేక, ఆమెకు ఆకలి లేదని అబద్ధమాడాను. నా భార్య నా కంటే తెలివైనది కాబట్టి, "మా అత్తగారు మాంసం తినరు, ఒక బంగాళాదుంప ఉడికించి ఇస్తే చాలు" అని ఉన్నమాట చెప్పింది. ఆ ఇంటావిడ ముఖంలో కనబడినది తేలికపాటి ఊరట. ఏమి పెట్టాలో తెలియక అప్పటిదాకా ఆమె ఇబ్బంది పడుతున్నదని నాకు అప్పుడే అర్థమైంది. నాలుగు దుంపలు ఉడికించి, వెన్న, ఉప్పు, రొట్టె పక్కన పెట్టింది. అమ్మ తన చేతిసంచిలోని సున్నుండల డబ్బా తీసి బల్ల మధ్యలో పెట్టింది. భాష రాని ఇద్దరు ఆడవాళ్ళు ఆ తరువాత గంటసేపు ఏమి మాట్లాడుకున్నారో నాకు తెలియదు, ఎక్కువగా పిల్లల ఫొటోల మీద నడిచినట్టుంది. మాకు ఇచ్చినది వాళ్ళ పడకగది అని, వాళ్ళిద్దరూ హాలులో సోఫాల మీద పడుకున్నారని తెల్లవారి మంచినీళ్ళ కోసం లేచినప్పుడు గాని తెలియలేదు.

తెల్లవారితే భోగి. హాలులో కట్టెల పొయ్యి మండుతున్నది. అమ్మ పక్కన పేర్చి ఉన్న వాటిలోంచి ఒక చిన్న పుల్ల తీసి, సైగతో అనుమతి అడిగి, పొయ్యిలో వేసి దండం పెట్టుకుంది. ఆ ఇంటాయన కారణం అడగలేదు, ఇంకో పుల్ల అందించాడు.

రోడ్డు తెరిచిన తరువాత కారును లాగడానికి వెళ్ళినప్పుడు నా పరువు పోయింది. ఆయన బండిని లాగే పట్టీ చేతిలో పట్టుకుని, "టో హుక్ ఎక్కడ పెట్టావు?" అని అడిగాడు. నేను ఇరవై ఏళ్ళుగా యంత్రాలు విప్పి బిగించే మనిషిని. నా కారుకు అటువంటిది ఒకటి ఉంటుందని నాకు తెలియదు. ఈ రోజుల్లో చాలా కార్లలో లాగడానికి వీలుగా బయట కొక్కెం ఉండదు. మరలున్న ఇనుప కొక్కెం ఒకటి డిక్కీ అడుగున, స్టెప్నీ పక్కన, జాకీతో పాటు ఉంటుంది. బంపర్ మీద ఉన్న చిన్న చతురస్రపు మూతను ఊడదీసి, ఆ రంధ్రంలో దానిని బిగించాలి. మా డిక్కీలో నాలుగు సూట్‌కేసులు, పచ్చళ్ళ అట్టపెట్టె ఉన్నాయి. ఆ గాలిలో వాటన్నిటినీ మంచు మీద దించి, అడుగు అట్ట ఎత్తి, కొక్కెం వెతికేసరికి పావుగంట పట్టింది. ఆ పావుగంటా ఆ పెద్దాయన చలిలో నిలబడే ఉన్నాడు. కొక్కెం దొరకక బంపర్‌కో, చక్రం వెనక ఇనుప కడ్డీకో పట్టీ కట్టి లాగితే అవి ఊడివస్తాయి. లాగుతున్నప్పుడు పట్టీకి అటూ ఇటూ ఎవరూ నిలబడకూడదు, తెగితే కొరడాలా తగులుతుంది.

సాయం చేయడానికి వచ్చినవారి పనిని తేలిక చేయడమంటే ఇటువంటి వాటినే నేను అంటున్నాను. ఆ కొక్కెం, ఒక మంచి పట్టీ, చిన్న మడత పార, కారులో ఉన్న ప్రతి మనిషికీ కంబళి, టోపీ, బూట్లు డిక్కీలో కాకుండా సీట్ల దగ్గర ఉండాలి. బూట్లు ముఖ్యంగా మీ అమ్మానాన్నలకు. "కారులోనే కదా కూర్చునేది" అని వాళ్ళు అంటారు, వినకండి. రోజూ వేసుకునే మందులు చేతిసంచిలో ఉండాలి, పెద్ద పెట్టెలో వద్దు. ఇన్సులిన్ ఉంటే అది గడ్డకట్టకూడదు కాబట్టి కోటు లోపలి జేబులో ఉంచుకోండి. పాపకు డయపర్లు, పాలు మామూలు లెక్కకు మరో రోజుకు సరిపడా అదనంగా పెట్టుకోండి.

ఇప్పుడు మొహమాటం గురించి కొంచెం కఠినంగా మాట్లాడవలసి ఉంది. రెండేళ్ళ క్రితం ఒక రాత్రి 35, 90 నంబర్ల రహదారులు కలిసే ఆల్బర్ట్ లీ దగ్గర ఒక ట్రక్ స్టాప్‌లో కాఫీ తాగుతుండగా, బయట కారులో నలుగురు కుర్రాళ్ళు తెలుగులో మాట్లాడుకోవడం వినబడింది. ఉత్తరాన రోడ్డు మూసేశారు, ఊళ్ళో హోటళ్ళు నిండిపోయాయి. చదువుకోవడానికి వచ్చిన పిల్లలు, పలచని జాకెట్లు. మీరు లోపలికి రండి బాబూ, మా ఇంటికి తూర్పు రోడ్డు ఇంకా తెరిచే ఉంది, నా వెనకే రండి అంటే, "ఫరవాలేదండీ, కారులో పడుకుంటామండీ, మీకెందుకు ఇబ్బంది" అన్నారు. మూడోసారి అడిగినప్పుడు వారిలో ఒకడు, "నిజంగా మీకు ఇబ్బంది లేదా అండీ" అన్నాడు. ఆ కారులో పెట్రోలు పావు ట్యాంకు ఉంది. మన ఊళ్ళలో మొదటి రెండు పిలుపులకు వద్దనడం మర్యాద, మూడోదానికి ఒప్పుకోవడం ఆనవాయితీ. ఇక్కడివారికి ఆ లెక్క తెలియదు. మీరు ఒకసారి వద్దంటే నిజంగానే వద్దనుకుని, మీ మాటకు గౌరవమిచ్చి వెళ్ళిపోతారు. అవసరమున్నప్పుడు మొదటి పిలుపుకే సరేనండి. మీ నాన్నగారికి కూడా ఈ మాట బయలుదేరే ముందే చెప్పి ఉంచండి, ఎందుకంటే పక్కనుంచి పెద్దవారు వద్దు వద్దంటుంటే వచ్చినవారు అయోమయంలో పడతారు.

అడగవలసిన చోట అడగడం కూడా మనకు కష్టమే. హోటల్ నిండిందని చెప్పగానే వెనక్కి తిరిగి కారు ఎక్కకండి. "ఈ రాత్రికి ఊళ్ళో ఎవరైనా ప్రయాణికులకు చోటిస్తున్నారా?" అని ఆ కౌంటర్ దగ్గరే అడగండి. రోడ్లు మూసినప్పుడు చిన్న ఊళ్ళలో చర్చిల కింది హాలు, హైస్కూలు జిమ్, నేషనల్ గార్డ్ ఆర్మరీ (సైనికుల భవనం) తెరవడం ఇక్కడ మామూలు. ఎవరు తెరిచారో హోటల్ గుమస్తాకు, పెట్రోలు బంకులో ఉన్న మనిషికి తెలుస్తుంది.

ఇది నా ఒక్కడి అనుభవమేననుకుంటారేమో, అందరికీ తెలిసిన రెండు సంఘటనలు చెబుతాను. 2022 జనవరి 3న వర్జీనియాలో 95వ నంబరు రహదారి మీద వందలాది వాహనాలు మంచులో నిలిచిపోయాయి, కొందరు ఒక పగలూ రాత్రీ దాటి కూడా కార్లలోనే ఉండిపోయారు. ఉత్తర వర్జీనియాలో ఉన్న మనవాళ్ళకు అది రోజూ తెలిసిన దారే. అక్కడ ఆగిపోయినవారిలో సెనేటర్ టిమ్ కెయిన్ ఒకరు, ఆయన 27 గంటలు కారులో గడిపారు. ఫ్లోరిడా నుంచి కనెక్టికట్‌కు తిరిగి వెళుతున్న ఒక కుటుంబం, నిలిచిపోయిన కార్ల వరుస వెంట నడుస్తూ సంచిలోని నారింజపళ్ళు పంచుతూ ఆయనకూ ఒకటి ఇచ్చింది. అదే వరుసలో ముందు ఒక రొట్టెల ట్రక్కు ఉంటే, ఆకలితో ఉన్న ఒక జంట ఆ కంపెనీకి ఫోన్ చేసింది. యజమాని సరేననడంతో డ్రైవరు వెనక తలుపులు తెరిచాడు, ఆగిపోయినవారే రొట్టెల ప్యాకెట్లు మోసి కారు కారుకూ అందించారు. ఇక్కడ నేను గమనించేది ఆ ఫోన్. ట్రక్కు ఆ రాత్రంతా అందరి కళ్ళముందే ఉంది, ఎవరో ఒకరు అడిగిన తరువాతనే తలుపులు తెరుచుకున్నాయి.

రెండోది అదే ఏడాది డిసెంబరు 23న, న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో దగ్గర జరిగింది. మన అమ్మానాన్నలు వచ్చినప్పుడు తప్పకుండా తీసుకువెళ్ళే నయాగరా దారి అది. దక్షిణ కొరియా నుంచి వచ్చిన తొమ్మిదిమంది పర్యాటకుల వ్యాను ఒక ఇంటి ముందు మంచులో దిగబడితే, వారిలో ఇద్దరు వెళ్ళి తలుపు తట్టి పార అడిగారు. ఆ ఇంటి దంపతులు పార ఇవ్వలేదు. ఆ తుఫానులో వ్యాను కదలదని వాళ్ళకు తెలుసు, కాబట్టి డ్రైవరుతో సహా పదిమందినీ లోపలికి పిలిచారు. క్రిస్మస్ దాకా వారు అక్కడే ఉన్నారు. ఆ దంపతులకు కొరియా వంటలంటే ఇష్టం కావడంతో ఇంట్లో ఆ దినుసులన్నీ ఉన్నాయి, అతిథులే వంట చేసి అందరికీ పెట్టారు. ఆ తుఫానులో బఫెలో ప్రాంతంలో పదుల సంఖ్యలో మనుషులు చనిపోయారు, కొందరు కార్లలోనే. ఆ ఇద్దరు తలుపు తట్టకుండా వ్యానులోనే కూర్చుని ఉంటే ఏమయ్యేదో ఊహించడానికి నాకు మనసొప్పదు.

అమెరికా వాళ్ళు కాబట్టి ఇలా చేస్తారని కూడా అనుకోవద్దు. 2024 డిసెంబరులో కాశ్మీరులోని సోనామార్గ్ దారిలో, గుండ్ అనే ఊరి దగ్గర పంజాబ్ పర్యాటకులు మంచులో చిక్కుకుంటే, ఊరివాళ్ళు రాత్రి పడుకోవడానికి వారికి జామియా మసీదు తెరిచి ఇచ్చారు. కింద నిప్పు పెట్టి నేలను వెచ్చగా ఉంచే హమామ్ ఆ మసీదులో ఉంది. చలి ఎంత పని చేస్తుందో ఏటా చూసే ఊళ్ళలో మనుషులు మిమ్మల్ని మీ పేరు కంటే ముందు తిన్నారా అని అడుగుతారు.

ఇక నమ్మకం సంగతి. మిన్నెసోటాలో ప్రమాద స్థలంలో ఉన్నవారు, తమకు అపాయం లేనంత మేరకు, తగిన సాయం చేయాలని చట్టమే ఉంది. అయితే చట్టం గుర్తొచ్చి బండి ఆపినవారిని నేను చూడలేదు. జాగ్రత్త వద్దని నేను అనను. నా లెక్క ఇది. సాయం చేయడానికి వచ్చినవారి పేరు, ఊరు అడిగి, వారి ఎదుటే మీ చెల్లెలికి ఫోన్ చేసి చెప్పండి, వీలైతే బండి నంబరుతో సహా. మంచి ఉద్దేశంతో వచ్చినవారు దీనికి నొచ్చుకోరు. కుటుంబాన్ని రెండుగా విడదీసి తీసుకువెళతానంటే ఒప్పుకోకండి. కారు వెచ్చగా ఉండి, పెట్రోలు సరిపడా ఉండి, వచ్చిన మనిషి మీద మనసు కుదరకపోతే, "ధన్యవాదాలు, మేము పోలీసుల కోసం ఎదురు చూస్తున్నాము, దయచేసి మీరు కూడా వారికి ఒకసారి ఫోన్ చేయండి" అనండి. నేను ఒకసారి అలాగే అన్నాను. ఆ మనిషి మంచివాడో కాదో నాకు నేటికీ తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు.

నా వరకు మోసపోయినది ఒక్కచోట, అదీ వృత్తిగా సాయం చేసేవారి చేతిలో. పిలవకుండానే వచ్చిన ఒక టో ట్రక్కు అతను ధర చెప్పకుండానే కారు ఎక్కించి, దించేముందు మామూలు ధరకు మూడింతలు అడిగాడు. కొక్కెం తగిలించకముందే మొత్తం ఎంత, ఎక్కడికి అన్నది నోటితో చెప్పించుకోండి, వీలైతే కాగితం మీద రాయించుకోండి.

ఇంకొకటి, అందరూ తేలికగా తీసుకునేది. రోడ్డు మూసినట్టు గేటు దించి ఉంటే దానిని దాటి వెళ్ళకండి. మిన్నెసోటాలో దానికి 1000 డాలర్ల దాకా జరిమానా, 90 రోజుల దాకా జైలు ఉండవచ్చు, మిమ్మల్ని బయటికి తీయడానికి అయిన ఖర్చు కూడా మీ మీదే పడవచ్చు. డబ్బు అలా ఉంచండి, గేటు దాటి ఇరుక్కున్నవారి కోసం వెళ్ళేది కూడా ఎవరో ఒకరి కొడుకే. బయలుదేరే ప్రతి ఉదయం రోడ్ల పరిస్థితి చెప్పే ఆ రాష్ట్రపు 511 సమాచారం చూడండి. అయోవాలో గాని మిన్నెసోటాలో గాని "ప్రయాణం వద్దు" అని ఉంటే ఆ రోజు కదలకండి, డెమోయిన్‌లో ఒక రోజు అదనంగా ఉండేటట్టు సెలవు ఇప్పుడే పెట్టుకోండి.

డబ్బు గురించి అడిగారు. కారు రోడ్డెక్కిన తరువాత నేను వంద డాలర్ల నోటు తీశాను. ఆ రైతు తన రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకున్నాడు. నేను మళ్ళీ ముందుకు చాపబోతే నా భార్య నా మోచేయి పట్టుకుంది. కాసేపు ఇద్దరమూ అలాగే నిలబడ్డాము. అప్పుడు ఆయన కొంచెం సిగ్గుపడుతూ, "ఆ గుండ్రటివి ఇంకా ఉన్నాయా?" అని అడిగాడు. అమ్మ డబ్బా మొత్తం ఆయన చేతిలో పెట్టింది. అప్పటినుంచి ఏటా సంక్రాంతికి ఆ ఇంటికి సున్నుండల పార్సెల్ ఒకటి వెళుతుంది, జూలైలో అక్కడినుంచి మొక్కజొన్న కండెలు వస్తాయి. కాబట్టి మీరు కూడా ఏదైనా ఇంటి తిండి డబ్బాలో పెట్టుకోండి. జీడిపప్పు, వేరుశనగ ఉన్నవి ఇచ్చేటప్పుడు మాత్రం ముందు చెప్పి ఇవ్వండి, ఇక్కడ చాలామందికి అవి పడవు. చర్చి హాలులో ఉండవలసి వస్తే తలుపు దగ్గర చందా పెట్టె ఉంటుంది, అందులో వేయవచ్చు. ఉదయం కుర్చీలు మడిచి, పక్కలు చుట్టి పెట్టడం అంతకంటే బాగుంటుంది.

మీ ప్రయాణం తేదీ ఖరారైన తరువాత ఇక్కడే ఒక మాట రాయండి. ఆ వారమంతా నేను ఇంట్లోనే ఉంటాను, ఆల్బర్ట్ లీ నుంచి మా ఇల్లు గంట దారి. గాలి మొదలైతే ఉత్తరానికి పోకుండా తూర్పుకు తిరగండి. పై గదిలో రెండు మంచాలు ఉన్నాయి, మీ అమ్మగారికి సరిపోయే బూట్లు కూడా ఒక జత ఉన్నాయి.